నౌపడ ఉప్పు, భావనపాడు తగువు

కార్తీక మాసం రెండో మంగళవారం, పొద్దున్న అయిదుంబావుకి నేను చీపురుపల్లి స్టేషన్లో ప్యాసింజరు బండి ఎక్కాను. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ప్లాట్‌ఫారం మీది గడియారాన్ని నేనే చూసి చదివాను. యాభై దాటేదాకా అదే గడియారం కింద బస్తాలు మోశాను. అప్పుడది నాకు గోడకి కొట్టిన కంచంలా కనిపించేది.

నా పేరు అప్పలసూరి. గూడ్సు షెడ్డు కళాసీని. మా వీధిలో చాలామంది సముద్రాన్ని టీవీలోనే చూశారు, మొన్నటి తుఫానునీ టీవీలోనే చూశారు. మా ఊళ్లో కొబ్బరి మట్టలు పడ్డాయి, ఒక పూట కరెంటు పోయింది, అంతే. భావనపాడులో ఏం చూశావో చెప్పమని టీ కొట్టు దగ్గర రోజుకొకడు అడుగుతున్నాడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకని రాస్తున్నాను.

వెళ్లమన్నది సుజాత టీచరమ్మ. ఆవిడ పాతికేళ్ల పిల్లగా ఉన్నప్పుడు సాయంత్రాలు మా షెడ్డుకొచ్చి కళాసీలకి అక్షరాలు నేర్పింది. పలకలంటే మేం సిగ్గుపడి పారిపోయేవాళ్లం. అప్పుడు ఉప్పు వ్యాగన్ దింపిన చోట, సిమెంటు గచ్చు మీద ఒలికిన ఉప్పుని చేత్తో చదును చేసి, వేలితో నా పేరు రాసి చూపించింది. నా పేరు నేను మొట్టమొదట చూసింది ఉప్పులోనే. ఇప్పుడావిడ సముద్రం ఒడ్డున భావనపాడులో పిల్లలకి చెబుతోంది. తుఫాను వెళ్లిన కొన్నాళ్లకి ఫోను చేసింది.

"మావయ్యా, బడి రేకులు ఎగిరిపోయాయి. పలకలు, పుస్తకాలు సముద్రం పట్టుకుపోయింది. అవి మళ్లీ వస్తాయి. నా భయం పిల్లలు పోతారని. వలలు పోయినవాళ్లు శుక్రవారం బస్సులో చెన్నై హార్బరు పనికి వెళ్లిపోతున్నారు. పిల్లల్నీ తీసుకెళ్లిపోతారు. ఒకసారి వెళ్లిన పిల్ల మళ్లీ బడి మెట్టెక్కదు. నా మాట ఎవరూ వినడం లేదు. ముసలివాళ్లకి ముసలివాడు చెబితే వింటారేమో."

"నా నోరు మంచిది కాదమ్మా," అన్నాను.

"తెలుసు. అందుకే పిలిచాను."

రైల్లో

మా వీధి కొట్లవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన నోటు పుస్తకాలు, పెన్సిళ్లు ఒక చేతిసంచీలో పెట్టుకున్నాను. రైల్లో నా పక్కన పొందూరులో ఒకామె ఎక్కింది, తేగల కట్టలు ఒళ్లో పెట్టుకుని. ఉడికించిన తేగలు, ఇంకా వేడిగా ఉన్నాయి. కట్ట ఇరవై రూపాయలంది. మా చీపురుపల్లిలో పదిహేనుకే ఇస్తారన్నాను.

"అయితే సీపురుపల్లి ఎల్లి తిను," అంది. కట్టలు సర్దుకుంటూ, "ఎక్కడికెల్తన్నావు తాతా?" అనడిగింది.

"భావనపాడు."

"ఇప్పుడక్కడ ఏటున్నాదని? ఇసకా, ఏడుపూ."

"పిల్లలున్నారు. చదువు చెప్పడానికి వెళ్తున్నాను."

నన్ను కింద నుంచి పైకి చూసింది. నా భుజం మీద బస్తాల కాయ ఇప్పటికీ పోలేదు. "నువ్వు టీచరువేటి?"

"కాదు. చదువుకున్నవాణ్ణి."

ఆమె ఆమదాలవలసలో దిగేటప్పుడు రెండు కట్టలు నా సంచీ మీద పెట్టింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే చెయ్యి మీద కొట్టింది. "నీకు కాదు, ఆ పిల్లగుంటలకి. నేనిచ్చేనని ఎవరికీ సెప్పకు. సెప్తే రేపు బండిలో అందరూ ఊరికినే అడుగుతారు." పేరు అడిగేలోగా దిగిపోయింది. చెప్పొద్దన్న మాట నేను నిలబెట్టుకోలేదు, ఇదిగో రాసేశాను.

నౌపడలో

నౌపడ అన్న పేరు నాకు నలభై ఏళ్లుగా తెలుసు. అది వీపుకి తెలిసిన పేరు. అక్కడి ఉప్పు బస్తాలు మా షెడ్డులో దిగేవి. ఉప్పు బస్తా మోస్తే చెమటకి కరిగి వీపు మీద కారుతుంది, గీత పడినచోటల్లా మండుతుంది. అందుకే ఆ ఊరంటే నాకు కోపం. బోర్డు మీద ఆ మూడక్షరాలు చదువుకుని ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడిపోయాను. అంతకాలం నన్ను మండించిన ఊరు ఇంత చిన్నదా అనిపించింది.

భావనపాడు ఆటో రెండో ట్రిప్పుకి గాని రాదన్నారు. ఈలోగా ఉప్పు మళ్లు చూద్దామని నడిచాను. మళ్లంటే వరి మళ్లలాంటివే, గట్లూ కాలవలూ ఉంటాయి. పండేది ఉప్పు, అంతే తేడా. కుప్పల మీద తాటాకు కప్పుతారు, గడ్డివాములకి కప్పినట్టు. తుఫానుకి సముద్రం లోపలికొచ్చి, కుప్పల్లోని ఉప్పు చాలావరకు వచ్చిన దారినే మళ్లీ నీళ్లలో కలిసిపోయింది. తాటాకులు మాత్రం మళ్లలో తేలుతున్నాయి.

గట్టు మీద నా చెప్పు తెగింది. నేను ఒక పక్కకి, సంచీ ఇంకో పక్కకి పడ్డాం. నాకేం కాలేదు. నోటు పుస్తకాలన్నీ ఉప్పునీళ్లలో మునిగాయి.

దూరంగా కుప్ప సర్దుకుంటున్న ఒక మనిషి పరుగున వచ్చి నన్ను లేపాడు. పేరు దానయ్య. నన్ను కూర్చోబెట్టి, పుస్తకాలు ఒక్కొక్కటే పిండాడు.

"బాగా ఉప్పెట్టేవు మావా. ఎండబెడితే ఊరగాయ పట్టొచ్చు," అన్నాడు.

"నవ్వుతావేంటిరా. అవి పిల్లలకి. ఇప్పుడు వాళ్లు దేని మీద రాస్తారు?"

అన్న తరవాత నాకే గుర్తొచ్చింది. ఎదురుగా తాటాకు కింద మిగిలిన కుప్ప తెల్లగా కనబడుతోంది. కొంచెం ఉప్పు ఇమ్మన్నాను. ఎందుకో చెప్పాను. దానయ్య తల గోక్కున్నాడు. ఉన్నదే తక్కువ, అయినా తాటాకు బుట్ట నిండా పోశాడు. నేను చేతులు చాస్తే, బుట్టని నా చేతికివ్వకుండా నేల మీద దింపాడు.

"ఉప్పు సేతికివ్వకూడదు కదేటి. దింపేను, తీసుకో."

ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తగువొస్తుందని మా వైపూ అంటారు. ఇంట్లో ఆడవాళ్లు ఇప్పటికీ పాటిస్తారు. మేం కళాసీలం మాత్రం రోజుకి ఇన్నేసి బస్తాలు ఒకడి వీపు మీంచి ఇంకొకడి వీపు మీదికి మార్చుకునేవాళ్లం. అది పాటిస్తే మాకు కూలి ఉండదు. అందుకని ఆ మాట నా బుర్రలో నిలవలేదు. ఆటో ఎక్కేటప్పటికి మర్చిపోయాను కూడా.

భావనపాడు

ఊరి మొగలో సరుగుడు చెట్లన్నీ ఒకే వైపు ఒరిగిపోయి ఉన్నాయి. ఒక పడవ ఇసకలో బోర్లా పడి ఉంది, దాని మీద బట్టలు ఆరేశారు. తుఫాను షెల్టరు పైఅంతస్తులో కుటుంబాలు, కింద వరండాలో సుజాత బడి. టార్పాలిను చాటున పిల్లలు నేల మీద కూర్చున్నారు.

నేను వెళ్లేసరికి పాట పాడుతున్నారు. మధ్యలో గాలి తెర వచ్చి టార్పాలిను టపటపా కొట్టుకుంది. పాట ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలందరూ పక్కవాళ్ల చేతులు పట్టుకున్నారు. సుజాత వాళ్ల వైపు చూడకుండా ఆ పాటనే మెల్లగా తానొక్కతే పాడుతూ పోయింది. గాలి తగ్గాక ఒక్కొక్క గొంతూ వచ్చి కలిసింది. నేను తేగలు పంచే పని పెట్టుకున్నాను.

తేగ తిననిది ఒక్క పిల్లే. స్తంభానికి ఆనుకుని కూర్చుంది, ఒళ్లో మూడేళ్ల తమ్ముడు. పదకొండేళ్లుంటాయి. తన వాటా తేగ వలిచి తమ్ముడి నోట్లో పెట్టింది గాని తాను తినలేదు.

"మంగ," అంది సుజాత నన్ను పక్కకి తీసుకెళ్లి. "లెక్కల్లో ఈ ఊళ్లో దాన్ని మించిన పిల్ల లేదు. తుఫాను రాత్రి నుంచి తమ్ముడితో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. పుస్తకం ముట్టదు. వాళ్ల నాన్న పోలయ్య వల పోయింది. శుక్రవారం వాళ్లు వెళ్తున్నారు. అక్కడ అమ్మానాన్నా పనికెళ్తే గదిలో తమ్ముణ్ణి చూసుకోవడానికి మంగ కావాలి. తేల్చేది నాయనమ్మ నూకాలమ్మ. ఆవిడ పంపెయ్యమంటోంది."

నేను తిన్నగా నూకాలమ్మ దగ్గరకే వెళ్లాను. నా ఈడుది. మెట్ల దగ్గర కూర్చుని తడిసిన చీర పిండుతోంది.

"వదినా, పిల్లని చదువు మానిపించడం తప్పు," అన్నాను.

ఆవిడ చీర దులిపింది. ఆ నీళ్లు నా మొహం మీద పడ్డాయి.

"నువ్వెవరివి?"

"చీపురుపల్లి."

"ఊరు కాదు, నువ్వెవరివని. దానికి అన్నం నువ్వెడతావేటి? ఇల్లు పోనాది. వల పోనాది. బడి పైన ఆకాశం కనబడతన్నాది. ఇక్కడుండి ఏటి సేస్తాది, గాలొచ్చినప్పుడల్లా వొణుక్కుంటదా? సెన్నైలో గోడలున్నాయి. ఎల్లనీ."

నేను మొహం తుడుచుకున్నాను. భోజనానికి మాత్రం పిలిచింది. కిచిడీ, దాంట్లోకి కుండలో తడవకుండా మిగిలిన ఎండు నెత్తళ్లు, చింతపండు వేసి చేసిన పులుసు. కార్తీకంలో నీచు తిననన్నాను. మా వీధిలో సగం మంది తినరు.

"మాకు కార్తీకమైనా, ఇంకోటైనా, గంగమ్మ ఇచ్చిందే తిండి," అంది. "తింతావా, కుక్కకెయ్యనా?"

తిన్నాను. శివుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అంత మంచి పులుసు ఈ మధ్య తినలేదు.

బుధవారం, చేతిలో ఉప్పు

పొద్దున్నే షెల్టరు వంటమనిషి దగ్గర స్టీలు కంచాలు అడిగి తెచ్చి వరసగా పెట్టాను. ఒక్కో కంచంలో ఉప్పు పోసి, అరచేత్తో చదును చేసి, వేలితో గీశాను. తప్పు రాస్తే కంచం కొంచెం అటూ ఇటూ ఊపితే చాలు, చెరిగిపోతుంది. పిల్లలకి అది ఆటగా ఉంది. ఒకడు పడవ గీశాడు. ఒకమ్మాయి తన పేరు రాసి, ఊపి, మళ్లీ రాసి, మళ్లీ ఊపింది. తుఫాను ఊపితే ఇల్లు పోయింది గాని, ఈ కంచంలో పోయింది మళ్లీ రాసుకోవచ్చు. ఆ పిల్ల మొహం చూస్తే నాకు అదే అనిపించింది.

మంగ స్తంభం దగ్గరే ఉంది. చూస్తోంది, రావడం లేదు. నేను గుప్పెడు ఉప్పు తీసుకుని వెళ్లి, దాని చెయ్యి పట్టుకుని, అరచేతిలో పోసి గుప్పిట మూశాను. "నీకు నచ్చిన చోట పోసుకుని రాసుకో," అన్నాను.

పైమెట్టు మీంచి కేక వినబడింది.

"ఓలమ్మో! సేతికి ఉప్పిచ్చీసినాడు! నా మనవరాలి సేతికి ఉప్పిచ్చీసినాడు ముసిలోడు!"

నూకాలమ్మ ఎలా దిగిందో తెలియదు. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు. "ఇల్లు పోయి, వల పోయి ఉన్నోళ్లం, ఇంకా తగువులు కూడా తెస్తావేటి మా మీదకి? బుద్ధి లేదేటి నీకు? ఉప్పు తిన్లేదా ఎప్పుడూ?"

"మోశాను వదినా, ఎక్కువ తినలేదు," అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. తల్లులు వచ్చి పిల్లల్ని రెక్క పట్టుకుని లేపుకుపోయారు. నిమిషంలో కంచాలు మిగిలాయి, సుజాతా నేనూ మిగిలాం.

సుజాత వంగి కంచాలు ఏరడం మొదలుపెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. ఉన్న కొద్దిపాటి బడినీ నేనే చెడగొట్టాను. ఇసకలో బోర్లా పడ్డ పడవ చాటున మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రైలెక్కి వెళ్లిపోదామా అనుకున్నాను, కాని ఎక్కడానికి కాళ్లకి చెప్పుల్లేవు.

సాయంత్రం నూకాలమ్మే వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో పాత చెప్పుల జత, రెండూ రెండు రకాలు. నా ముందు పడేసింది.

"ఒడ్డుకి కొట్టుకొచ్చినాయి. తొడుక్కో. ఉప్పు సేతికివ్వకూడదు గాని కంచంలో పోస్తే దోసం లేదు. రేపు నేను పోస్తాను గరిటితో. రాసిన ఉప్పు నేల మీద తొక్కకూడదు, సముద్రంలో కలపాల. అలగైతే కూకోమను గుంటల్ని."

"మరి మంగ?"

"అది ఇంకా గుప్పిటి ఇప్పలేదు," అంది. గొంతు మారింది. "నీళ్లు పోసుకున్నప్పుడూ ఇప్పలేదు. ఏటయ్యిందో దానికి."

గురువారం, పన్నెండు చేపలు

నూకాలమ్మ గరిటెతో ఉప్పు పోసింది, దేవుడికి నైవేద్యం పెట్టినంత శ్రద్ధగా. తల్లులు కూడా వచ్చి వెనక కూర్చున్నారు, నేను మళ్లీ ఏం చేస్తానో చూడాలని. సుజాత నన్ను లెక్క చెప్పమంది. లెక్కలంటే నాకు ధైర్యం. కూలి పంచుకోవడం మాకు వచ్చు.

"పడవలో నలుగురు వెళ్లారు. పన్నెండు చేపలు పడ్డాయి. తలా ఎన్ని?"

ముందు వరసలో ఒకడు, ఎర్రన్న, కంచంలో రెండు అని రాశాడు.

"తప్పు. మళ్లీ చెయ్యి."

పక్కనున్న చిన్నమ్మి కూడా రెండే రాసింది. ఇంకొకడూ రెండే. నాకు విసుగొచ్చింది. "తుఫానులో ఎక్కాలు కూడా కొట్టుకుపోయాయిరా? నాలుగు మూళ్లు ఎంత? పన్నెండు. తలా మూడు!"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఎర్రన్న అయోమయంగా రెండుని చెరిపి మూడు రాయబోయాడు.

"సెరపకురా!"

అందరం తిరిగాం. స్తంభం దగ్గర మంగ నిలబడి ఉంది. తమ్ముడు కింద జారి కాలు పట్టుకుని ఉన్నాడు.

"రెండే! తాతా, నీకు లెక్క రాదు!"

అన్ని రోజుల తరవాత ఆ పిల్ల నోరు తెరిచి చేసిన మొదటి పని నన్ను తిట్టడం. కాని అప్పుడు నాకది తోచలేదు. నిజంగానే కోపమొచ్చింది. "నాకు రాదా? పన్నెండుని నలుగురికి పంచితే..."

"నలుగురికేటి? పడవకి పాలు ఏదీ? వలకి పాలు ఏదీ? మనుసులకి నాలుగు పాళ్లు, పడవకొకటి, వలకొకటి. ఆరు పాళ్లు. పాలుకి రెండు!"

"పడవ చేపలు తింటుందా?"

"మీ ఊళ్లో బస్తాలు బండి మీద ఎల్తే బండికి కిరాయి ఇవ్వరేటి? బండి గడ్డి తింతాదా?"

వెనక ఆడవాళ్లు పకపకా నవ్వారు. నేను ఊరుకుంటానా! బండి వేరు, పడవ వేరన్నాను. మంగ రెండడుగులు ముందుకొచ్చింది. బండి తోసేవాడు లేకపోయినా రోడ్డు మీదే ఉంటుంది, పడవ లేకపోతే నలుగురూ మునిగిపోతారు, అందుకని పడవకి ముందు తీస్తారు, ఆ మాత్రం తెలీకుండా ఇంత పెద్దోడివెలాగయ్యేవు, అంది. నేను గొంతు పెంచాను. అది ఇంకా పెంచింది. మధ్యలో ఎర్రన్న "రెండే తాతా, రెండే" అంటున్నాడు.

"పడవ మా పెదనాన్నది," అంది మంగ. "వల మా నాన్నది. నాన్నకి మనిసి పాలు ఒకటి, వల పాలు ఒకటి. నాలుగు సేపలొచ్చేవి. ఇప్పుడు వల లేదు. పడవ ఇరిగిపోనాది. ఒక్క పాలూ లేదు. అందుకే సెన్నై పోతన్నాం, తెలిసిందా? నీ లెక్కలో వలే లేదు! వలే లేనట్టు సెప్తన్నావు!"

అక్కడ దాని గొంతు విరిగింది. గుప్పిట తెరిచింది. నిన్నటి ఉప్పు చెమటకి సగం కరిగి అరచేతికి అంటుకుపోయి ఉంది. దాన్ని ఎర్రన్న కంచంలో దులిపి, కూర్చుని, వేలితో ఆరు గళ్లు గీసింది. ఏడుస్తూనే ఒక్కో గడిలో రెండేసి చుక్కలు పెట్టింది. పడవ గడిలో కూడా. వల గడిలో కూడా.

నేను ఆ కంచం ముందు కూర్చున్నాను. "రెండే," అన్నాను.

"మరి!" అంది, ముక్కు చీదుకుంటూ.

అప్పుడు నూకాలమ్మ గరిటె పైకెత్తి అందరికీ చూపించింది. "సెప్పేనా? ఉప్పు సేతికిస్తే తగువొస్తాదని సెప్పేనా లేదా? వొచ్చీసినాది!" అలా అంటున్న మనిషి మొహం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు. పరుగున వచ్చి మనవరాలి తల తన పొట్టకి అదుముకుంది. "తిట్టే, ముసిలోడ్ని ఇంకా తిట్టే. నోరు తెరిసేవు, నా తల్లి."

తరవాత కంచాలన్నీ పట్టుకుని వరసగా సముద్రం దాకా నడిచాం, ఉప్పు కలపడానికి. తుఫాను తరవాత నీళ్ల దగ్గరకి వెళ్లని పిల్లలు కూడా కంచం ఒలక్కుండా చూసుకుంటూ భయం మర్చిపోయి వచ్చారు.

శుక్రవారం

చెన్నై బస్సు ఊరి మొగలో ఆగింది. పోలయ్య సామాను ఎక్కిస్తున్నాడు, అతని భార్య గౌరి మూటలు కడుతోంది. నూకాలమ్మ వచ్చి మంగ మూటని కిందకి లాగేసింది.

"ఇది ఎల్లదు."

"ఏటమ్మా?" అన్నాడు పోలయ్య. "నువ్వే కదా ఎల్లమన్నావు."

"అన్నాను. అప్పుడు తగువు లేదు. ఉప్పు తగువు తీరకుండా పిల్ల ఊరు దాటకూడదు. దాటితే ఆ తగువు ఎంట వస్తాది. గుంటడ్ని కూడా వొదిలీయండి, ఇద్దర్నీ నేను సూస్తాను."

"ఆ తాత ఎల్లిపోతన్నాడు కదా!"

"ఆడికి ఎటూ బుద్ధి లేదు, దాటితే దాటనీ."

పోలయ్య నా వైపు చూశాడు. నేను నా రెండు రకాల చెప్పుల వైపు చూసుకున్నాను. "గాలొస్తే?" అన్నాడు తల్లితో, మెల్లగా.

"గాలొస్తే పట్టుకుంటాను. నిన్ను పట్టుకోలేదేటి?"

గౌరి మూట కింద పెట్టేసింది. కొడుకుని ఎత్తుకుని చాలాసేపు మొహంలో మొహం పెట్టి ఉంది. తరవాత మంగ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, జుట్టు దువ్వి, గట్టిగా జడ వేసింది. "రోజూ ఫోన్ సేస్తాను. ఏటి సదివేవో సెప్పాల," అంది. మంగ తలూపలేదు. "సెప్తాను," అని నోటితో అంది. గౌరికి ఆ మాట చాలింది. ఏడుస్తూనే బస్సెక్కింది.

బస్సు కదిలి సరుగుళ్లు దాటాక నూకాలమ్మని పక్కకి పిలిచాను. "వదినా, తగువు తీరకుండా ఊరు దాటకూడదన్నది మా వైపు లేదు. ఎవరు చెప్పారు నీకు?"

"మా అమ్మమ్మ సెప్పేది."

"నిజంగా?"

"మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోనాది," అంది. "నోరు మూసుకుని ఎల్లు బావా."

మంగ ఆటో దాకా వచ్చింది, తమ్ముడు చంకలో. "తగువు మానేద్దామా?" అనడిగాను. మానేస్తే ఏమవుతుందో దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"మానను. నువ్వు పడవకి ముందు పాలు తియ్యాలని ఒప్పుకోలేదు," అంది.

అది నిజమే. ఒప్పుకోలేదు. వారానికొకసారి మంగ సుజాత ఫోనులోంచి ఒక కొత్త లెక్క పెడుతుంది. మొన్నటిది అరువు వల మీద ఎన్ని పాళ్లు అని. తెలిసినా తప్పు చెబుతాను. ఒక్కోసారి నిజంగానే తెలియదు. అవతల నుంచి తిట్లు, వెనక నూకాలమ్మ నవ్వు వినబడతాయి. బడి పైకప్పు ఇంకా వెయ్యలేదట. కంచాల్లో ఉప్పు మాత్రం ఉందట, దానయ్య ఇంకో బుట్ట పంపాడు, నేల మీద దింపి వెళ్లాడట.

గురువారం నాడు ఆ వరండాలో ఉన్నవాళ్లు వీళ్లు: సుజాత టీచరమ్మ, గరిటె పట్టుకుని నూకాలమ్మ, వెనక గోడ దగ్గర గౌరి, కంచాలిచ్చిన వంటమనిషి రమణమ్మ, ముందు వరసలో ఎర్రన్న, చిన్నమ్మి, తాతారావు, వాళ్ల వెనక బంగారి, పైడితల్లి, దానియేలు, రూతమ్మ, అప్పన్న, ఎవరి కాలు దొరికితే వాళ్ల కాలు పట్టుకుంటున్న మంగ తమ్ముడు మూడేళ్ల సింహాచలం, మంగ, నేను. బయట ఇసకలో బోర్లా మంగ వాళ్ల పెదనాన్న పడవ. ఎక్కడుందో తెలియదు గాని, సముద్రంలో పోలయ్య వల. ఆ రెండూ రాయకపోతే లెక్క తప్పంటుంది మంగ.